తెలిసింది టీమ్‌లో నలుగురికీ చెప్పేలా చేసేది ఏమిటి? తరచుగా అడిగే ప్రశ్నలు

"మా టీమ్‌లో ఒక్కొక్కరికీ బోలెడు తెలుసు, కానీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు." నలుగురు కలిసి పనిచేసే ప్రతిచోటా ఈ మాట ఏదో ఒక రూపంలో వినిపిస్తుంది. ఆ మాట వెంటే వచ్చే ప్రశ్నలు, వాటికి నా జవాబులు ఇవి. పరిశోధనల్లో తేలిన సంగతులు పనికొచ్చిన చోట వాటిని చెప్పాను. మిగతావి పనిచేసే మనుషుల్ని చూసి ఏర్పరచుకున్న అభిప్రాయాలు.

మనిషి తనకు తెలిసింది పక్కవాళ్లకు అసలు ఎందుకు చెబుతాడు?

'చెబితే నాకేంటి' అని లెక్క వేసుకునే చెబుతాడని చాలామంది అనుకుంటారు. ఆ లెక్క ఉంటుంది, కాదనను. కానీ రోజువారీ పనిలో ఎక్కువసార్లు జరిగేది అంతకన్నా మామూలు విషయం. ఎవరో వచ్చి అడుగుతారు. వాళ్లకు నిజంగానే అవసరం ఉందని కనిపిస్తుంది. చెప్పగానే వాళ్ల పని కదులుతుంది. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. పనిచేసే చోట అది అక్షరాలా నిజం.

ఒక అకౌంట్స్ సెక్షన్‌ను తీసుకోండి. నెలాఖరు రిపోర్టు తీయాలి. ఏళ్ల తరబడి ఆ పని చేస్తున్నావిడకు ఒక సంగతి తెలుసు: మొదటిసారి తీస్తే ఆఖరి రోజు సాయంత్రం పడిన ఎంట్రీలు రిపోర్టులోకి రావు. ఒకసారి తీసి పక్కన పడేసి, మళ్లీ తీయాలి. ఆవిడ దీన్ని దాచలేదు, అలాగని ఎవరికీ చెప్పనూ లేదు. చేయి అలవాటైపోయిన పని కాబట్టి ఇందులో చెప్పాల్సింది ఏదో ఉందని ఆవిడకు తట్టలేదు. కొత్తగా చేరిన కుర్రాడు టోటల్‌లో తేడా వస్తోందని తల పట్టుకుని కూర్చుంటే, "రెండోసారి తీశావా?" అంది. "రెండోసారి ఎందుకు మేడం?" అన్నాడు. అన్నేళ్లుగా ఒక్క మనిషి దగ్గరే ఉండిపోయిన సంగతి ఆ ఒక్క ప్రశ్నతో బయటికొచ్చింది.

ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయన్ అనే ఇద్దరు మానసిక శాస్త్రవేత్తలు మనిషిని లోపలి నుంచి కదిలించే అవసరాలు మూడని చెప్పారు. నా ఇష్టంతో చేస్తున్నాను అనిపించడం, ఇది నాకు చేతనవును అనిపించడం, నలుగురిలో నేనూ ఒకణ్ణి అనిపించడం. ఎవరైనా అవసరం పడి వచ్చి అడిగినప్పుడు ఈ మూడూ ఒకేసారి తీరతాయి. 'ప్రతి శుక్రవారం అందరూ తలా ఒక పేజీ రాసి పెట్టాలి' అని సర్క్యులర్ వస్తే మొదటిది అక్కడే పోతుంది. మిగతా రెండూ నీరసపడతాయి.

చెప్పకుండా దాచుకునేవాళ్లంతా స్వార్థపరులేనా?

చెప్పకపోవడం వేరు, దాచడం వేరు. ముందు ఈ రెండింటినీ కలపకండి. చాలామంది చెప్పకపోవడానికి కారణం తీరిక లేకపోవడమో, అది చెప్పదగ్గ సంగతని తోచకపోవడమో, ఎవరూ అడగకపోవడమో.

దాచడమంటే అడిగిన తర్వాత కూడా కావాలని చెప్పకపోవడం. కేథరీన్ కానెలీ, ఆమెతో పనిచేసిన పరిశోధకులు 2012లో దీన్ని మూడు రకాలుగా విడగొట్టారు. తెలిసినా 'నాకు తెలియదే' అనడం ఒకటి. 'తర్వాత చెబుతాలే' అని దాటవేయడం, సగం చెప్పి తప్పుదోవ పట్టించడం రెండోది. 'అది కాన్ఫిడెన్షియల్, మా పై ఆఫీసర్ వద్దన్నారు' అని కారణం చూపించి చెప్పకపోవడం మూడోది. ఈ మూడోదాంట్లో ప్రతిసారీ మోసం ఉండదు. కొన్నిసార్లు ఆ కారణం నిజమే అయి ఉంటుంది.

వాళ్ల పనిలో నాకు ముఖ్యమనిపించింది ఇది: అడిగిన మనిషి మీద నమ్మకం లేనప్పుడు దాచడం పెరుగుతుంది. అంటే ఇది ఒక మనిషి స్వభావానికి అంటగట్టి వదిలేయాల్సిన విషయం కాదు, ఇద్దరి మధ్య జరిగేది. ఒకరికి అన్నీ విప్పి చెప్పే మనిషే ఇంకొకరి దగ్గర నోరు మెదపడు. 'ఫలానా ఆయన ఎవరికీ ఏమీ చెప్పడు' అని మీకు ఫిర్యాదు వస్తే, ఆయన ఎవరికి చెబుతున్నాడో వెతకండి. ఎక్కడో ఒక్కరైనా ఉంటారు. వాళ్లతో ఆయనకు ఏం కుదిరిందో చూస్తే మిగతావాళ్లతో ఏం చెడిందో అర్థమవుతుంది.

దాచేవాళ్లకూ దీనివల్ల నష్టమే. 2014లో వచ్చిన ఇంకో అధ్యయనంలో, దాచే మనిషి దగ్గర మిగతావాళ్లు కూడా దాస్తారని, చివరికి ఆ దాచిన మనిషి సృజనే తగ్గుతుందని తేలింది.

నాకు తెలిసిందంతా చెప్పేస్తే ఇక నా విలువేముంటుంది?

ఈ ప్రశ్న అడిగేవాళ్లను తక్కువగా చూడకండి. ఉద్యోగాలు తీసేస్తున్న చోట, 'నీకు తెలిసింది రాసివ్వు' అన్నాక కొన్ని నెలలకే మనుషుల్ని పంపించేసిన చోట, ఆ భయం న్యాయమైనదే. అలాంటి చోట 'పంచుకుంటే పెరుగుతుంది' అని ఉపన్యాసం ఇవ్వడం మనుషుల్ని అవమానించడమే. భయం పోవాలంటే అక్కడ జరుగుతున్నది మారాలి.

భయానికి అంత కారణం లేని చోట కూడా ఈ ఆలోచన ఉంటుంది. అక్కడ నేను చెప్పేది ఇది: ఒక పని మీ ఒక్కరికే తెలిస్తే ఆ పని మిమ్మల్ని వదలదు. సెలవు పెడితే ఫోన్ మోగుతుంది. పై ఉద్యోగం ఖాళీ అయితే 'ఈయన్ను అక్కడి నుంచి కదిపితే కష్టం' అంటారు. 'మీరు లేకపోతే ఇక్కడ పని ఆగిపోతుంది' అన్నది పొగడ్తలా వినిపిస్తుంది గానీ అది కాళ్లకు వేసే సంకెల.

మేనేజర్లకు చెప్పాల్సింది ఇంకా ఉంది. చేతిలో ఉన్నది వదిలేయమని అడిగే ముందు, తర్వాత చేతికి ఏం ఇస్తారో చెప్పండి. 'ఈ పని ఇద్దరికి నేర్పండి, వచ్చే ప్రాజెక్టులో డిజైన్ పని మీదే' అంటే మనిషి నేర్పుతాడు. 'ఈ పని ఇద్దరికి నేర్పండి' అని ఆపేస్తే, ఆ వాక్యం తర్వాత ఏముందో ఆయనే ఊహించుకుంటాడు, ఆ ఊహ మంచిగా ఉండదు. ఇలా మాటిచ్చి తప్పారో, ఆ సంగతి టీమ్ మొత్తానికి తెలిసిపోతుంది. ఆ తర్వాత ఇంకెవరూ నేర్పరు.

డబ్బు, పాయింట్లు, గిఫ్టులు పెడితే పంచుకుంటారా?

కొన్నాళ్లు. తర్వాత పాయింట్ల కోసం రాసినవి వచ్చిపడతాయి. అందరికీ తెలిసిందే మళ్లీ రాస్తారు, ఒక పేజీని మూడు ముక్కలు చేసి మూడుసార్లు పెడతారు. వాటి మధ్య పనికొచ్చేది వెతుక్కోవడం కొత్త తలనొప్పి.

డెసీ 1971లో చేసిన ప్రయోగం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. కాలేజీ విద్యార్థులకు సోమా అనే ముక్కల పజిల్ ఇచ్చాడు. కొందరికి విప్పిన ప్రతి పజిల్‌కూ డాలర్ ఇచ్చి, తర్వాతి విడతలో ఆపేశాడు. డబ్బు ఆగాక వాళ్లు ఖాళీ సమయంలో పజిల్ మీద పెట్టే ఆసక్తి తగ్గింది. అదే వరుస ప్రయోగాల్లో, డబ్బు బదులు నోటితో మెచ్చుకున్నవాళ్లలో ఆసక్తి తగ్గలేదు, పెరిగింది. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ బొమ్మలు వేయడం ఇష్టమున్న చిన్నపిల్లలతో ఇలాంటిదే చేశారు. బహుమతి ఇస్తామని ముందే చెప్పి బొమ్మలు వేయించిన పిల్లలకు తర్వాత ఆ ఇష్టం తగ్గింది. ముందు చెప్పకుండా, వేశాక ఇచ్చిన పిల్లల్లో తగ్గలేదు.

పజిల్, బొమ్మలు వేరు, ఆఫీసు వేరు అనొచ్చు. 2005లో దక్షిణ కొరియా సంస్థల్లో సరిగ్గా ఈ విషయం మీదే ఒక అధ్యయనం జరిగింది. బహుమతి వస్తుందని ఎదురుచూడటం, పంచుకోవడం మీద మనుషుల అభిప్రాయాన్ని కాస్త చెడగొట్టిందే తప్ప పెంచలేదని అందులో తేలింది. తోటివాళ్లతో సంబంధాలు బాగుంటాయన్న ఆశ మాత్రం పెంచింది.

అలాగని డబ్బుతో పని లేదని అర్థం చేసుకోకండి. జీతం విషయంలో తనకు అన్యాయం జరుగుతోందని రగిలిపోతున్న మనిషి పక్కవాళ్లకు ఓపికగా నేర్పాలని ఆశించడం తప్పు. ముందు జీతం సరిగ్గా ఇవ్వండి. ఆ తర్వాత ఒక్కో మాటకు ధర కట్టకండి.

గుర్తింపు పనిచేస్తుందా?

పనిచేస్తుంది. ఎవరు గుర్తిస్తున్నారన్నదే అసలు సంగతి.

జిరాక్స్ కంపెనీలో కాపీ మిషన్లు రిపేర్ చేసే టెక్నీషియన్ల వెంట జూలియన్ ఓర్ అనే ఆంత్రోపాలజిస్ట్ 1980ల్లో తిరిగి వాళ్ల పనిని దగ్గరగా చూశాడు. మాన్యువల్‌లో లేని జబ్బులు మిషన్లకు చాలా వచ్చేవి. వాటి మందు టెక్నీషియన్లు టీ, భోజనం దగ్గర చెప్పుకునే కబుర్లలో ఉండేది. 'ఒకసారి నాకూ ఇలాగే వచ్చింది, ఏం చూశానంటే...' అని మొదలయ్యే కబుర్లు. తర్వాత 1990ల్లో ఆ కంపెనీలో యురేకా అనే వ్యవస్థ వచ్చింది. టెక్నీషియన్ తను కనిపెట్టిన చిట్కా రాసి పంపితే, అనుభవమున్న తోటి టెక్నీషియన్లు పరీక్షించి ఒప్పుకున్నాకే అందరికీ అందేది. ఆ చిట్కా మీద రాసిన మనిషి పేరు ఉండేది.

ఇందులో రెండు విషయాలు చూడండి. ఒకటి, పేరు. రెండు, పరీక్షించింది పై ఆఫీసర్ కాదు, ఆ పని తెలిసిన తోటివాళ్లు. ఎక్కడో దూరాన ఉన్న టెక్నీషియన్ ఆ చిట్కాతో మిషన్ బాగుచేసుకుంటే, రాసిన మనిషికి అంతకు మించిన గౌరవం ఇంకొకటి ఉండదు. ఏడాదికోసారి వేదిక మీద ఇచ్చే సర్టిఫికెట్ కన్నా, 'మీరు చెప్పినట్టు చేశాను, పని అయింది' అన్న రెండు ముక్కల మెసేజ్ ఎక్కువ కదిలిస్తుంది. సహాయం తీసుకున్నవాళ్లు ఈ మెసేజ్ పంపడం మరిచిపోతుంటారు. దయచేసి మరిచిపోకండి. చెప్పినవాళ్లకు తాము చెప్పింది ఏమైందో తెలియకపోతే, తర్వాతిసారి చెప్పాలన్న ఉత్సాహం సగం చచ్చిపోతుంది.

ఇక వేరొకరు చెప్పింది తమ పేరుతో పై వాళ్లకు చూపించుకునే మనుషులు. టీమ్‌లో ఇది ఒక్కసారి జరిగి, దాన్ని చూసీ చూడనట్టు వదిలేస్తే, అందరూ నోళ్లు కట్టేసుకుంటారు. మేనేజర్ కఠినంగా ఉండాల్సిన చోటు ఇది.

అందరూ మీటింగ్‌లోనే ఉన్నారు. అయినా ముఖ్యమైన సంగతి ఎందుకు బయటికి రాలేదు?

మీటింగ్‌లో మనుషులు అందరికీ తెలిసిన సంగతుల చుట్టూనే తిరుగుతారు కాబట్టి. 1985లో గారల్డ్ స్టాసర్, విలియమ్ టైటస్ దీన్ని ప్రయోగంలో చూపించారు. ముగ్గురు అభ్యర్థుల్లో మెరుగైనవాణ్ణి ఎన్నుకోమని చిన్న చిన్న గుంపులకు చెప్పారు. అన్ని వివరాలూ కలిపి చూస్తే ఒకడు స్పష్టంగా మెరుగు. కానీ అతని గురించిన మంచి విషయాలను తలా కొన్ని ఇచ్చి చెదరగొట్టారు. గుంపులు కూర్చుని మాట్లాడుకున్నా, ఒక్కరి దగ్గరే ఉన్న వివరాలు చాలావరకు చర్చలోకే రాలేదు. చాలా గుంపులు తప్పు మనిషిని ఎన్నుకున్నాయి.

అక్కడ ఎవరూ ఏమీ దాచలేదు. అందరికీ తెలిసింది చెబితే నలుగురూ తల ఊపుతారు, మాట్లాడినవాళ్లకు బలం వస్తుంది. ఒక్కరికే తెలిసింది చెబితే గదిలో నిశ్శబ్దం. అందుకే నిర్ణయం తీసుకునే ముందు ఒక్కొక్కర్నీ పేరు పెట్టి, 'మీరు చూసినదాంట్లో మిగతావాళ్లు చూడనిది ఏముంది?' అని అడగాలి. 'ఎవరికైనా ఏమైనా చెప్పాలని ఉందా?' అనే ప్రశ్నకు జవాబు ఎప్పుడూ మౌనమే.

తప్పు జరిగితే ఎవరూ నోరు విప్పరు. ఎలా?

నోరు విప్పినవాళ్లకు పోయినసారి ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. జవాబు దాదాపు అక్కడే ఉంటుంది.

అమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990ల్లో హాస్పిటల్ వార్డుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లను పరిశీలించింది. బాగా పనిచేసే టీమ్‌లలో పొరపాట్లు తక్కువ ఉంటాయని అనుకుంది. లెక్కలు తిరగబడ్డాయి: మంచి టీమ్‌లలోనే ఎక్కువ నమోదయ్యాయి. కారణం వెతికితే తేలిందేమిటంటే, ఆ టీమ్‌లలో పొరపాటు జరిగిందని చెప్పడానికి భయం తక్కువ. మిగతా వార్డుల్లో పొరపాట్లు కాగితం మీదకే రావడం లేదు. తర్వాత 1999లో ఒక తయారీ కంపెనీలోని 51 టీమ్‌లను చూసి, 'ఇక్కడ నోరు తెరిస్తే నన్ను చిన్నబుచ్చరు' అన్న ధైర్యం ఉన్న టీమ్‌లే ఎక్కువ నేర్చుకుంటాయని చూపించింది.

ఆ ధైర్యాన్ని ఉట్టి మాటలతో తేలేం, ఏర్పాటు ఉండాలి. అమెరికాలో విమానాల వాళ్లకు 1976 నుంచి ఒక ఏర్పాటు ఉంది. పైలట్, కంట్రోలర్, ఎవరైనా సరే, ప్రమాదం తృటిలో తప్పిన సంగతిని రాసి పంపొచ్చు. ఆ రిపోర్టులు తీసుకునేది శిక్షలు వేసే విమానయాన శాఖ కాదు, అంతరిక్ష సంస్థ నాసా. పేరు, గుర్తులు తీసేస్తారు. కావాలని చేయని ఉల్లంఘనను 10 రోజుల్లోపు రిపోర్ట్ చేస్తే సాధారణంగా జరిమానా నుంచి రక్షణ ఉంటుంది. నేరాలకు, యాక్సిడెంట్లకు ఆ రక్షణ వర్తించదు. వినేవాళ్లనూ శిక్షించేవాళ్లనూ వేరు చేశారు, అదే దీని ప్రాణం. మీ టీమ్ చిన్నదైనా ఈ పద్ధతి పెట్టుకోవచ్చు: ఏం జరిగిందో తెలుసుకునే మీటింగ్‌లో రేటింగ్ మాట, వార్నింగ్ మాట రాకూడదు.

మా సీనియర్ చెప్పాలనే అనుకుంటారు. కానీ ఆయన చెప్పేది ఎవరికీ ఎక్కదు.

1990లో స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ ఒక ప్రయోగం చేసింది. కొందరు అందరికీ తెలిసిన పాటల దరువును బల్ల మీద వేళ్లతో కొట్టాలి, ఎదుటివాళ్లు పాట కనిపెట్టాలి. సగం పాటలైనా కనిపెడతారని కొట్టేవాళ్ల అంచనా. 120 పాటల్లో కనిపెట్టింది 3. కొట్టేవాడి తలలో పాట మొత్తం మోగుతోంది. వినేవాడికి అందేది బల్ల చప్పుడే.

మీ సీనియర్ పరిస్థితి అదే. తెలిసిపోయాక, తెలియని రోజు ఎలా ఉండేదో గుర్తుండదు. ఆయన్ను కూర్చోబెట్టి క్లాసు చెప్పించకండి. ఆ పని ఆరునెలల కిందటే నేర్చుకున్నవాళ్లతో చెప్పించండి, ఎక్కడ తడబడతామో వాళ్లకు ఇంకా గుర్తుంటుంది. సీనియర్ పక్కన కూర్చుని సందేహాలు తీరిస్తే చాలు. పైగా చాలామంది సీనియర్లకు వేదిక ఎక్కి చెప్పడం టెన్షన్, పక్కన కూర్చుని చెప్పడం సంతోషం.

అంతా డాక్యుమెంట్ చేయించేస్తే గొడవే ఉండదు కదా?

ఇది నిజమైతే ఎంత బాగుండేదో. మైకేల్ పొలానీ అనే తత్వవేత్త 1966లోనే అన్నాడు, మనకు తెలిసింది మనం చెప్పగలిగినదానికన్నా ఎక్కువని. హ్యారీ కాలిన్స్ అనే సామాజిక శాస్త్రవేత్త 1970ల్లో ఒక రకం లేజర్ తయారుచేస్తున్న ల్యాబులను పరిశీలించాడు. అచ్చైన పరిశోధనా పత్రాలు మాత్రమే చదివి పనిచేసే లేజర్ చేయగలిగిన ల్యాబ్ ఒక్కటీ ఆయనకు కనిపించలేదు. చేయగలిగినవాళ్లంతా అంతకుముందు చేసి చూసినవాళ్లతో ఏదో ఒక రకంగా మాట్లాడినవాళ్లే.

ఇంకో ఉదాహరణ భయపెట్టేది. అమెరికా అణ్వాయుధాల్లో వాడే ఫాగ్‌బ్యాంక్ అనే పదార్థాన్ని ఒకప్పుడు తయారుచేశారు, తర్వాత ఆపేశారు. పాత ఆయుధాలను బాగుచేయడానికి మళ్లీ కావాల్సివచ్చేసరికి, ఎలా చేయాలో తెలిసినవాళ్లు దాదాపు అందరూ రిటైరయ్యో, మానేసో వెళ్లిపోయారు. రాసిపెట్టిన రికార్డులు కొద్ది. ఈ సంగతిని ఆ దేశ ప్రభుత్వ ఆడిట్ సంస్థే 2009 నివేదికలో రాసింది. చివరికి మళ్లీ చేయగలిగారు గానీ, నాణ్యత సరిగ్గా రాలేదు. తవ్వి చూస్తే, పాత రోజుల్లో ముడిపదార్థంలో ఉండిన ఒక మలినం వల్లే అది సరిగ్గా కుదిరేదని తేలింది. కొత్త శుద్ధి పద్ధతి ఆ మలినాన్ని తీసేస్తోంది. అప్పట్లో చేసినవాళ్లకు కూడా ఆ సంగతి తెలియదు. తమకే తెలియనిదాన్ని ఎవరు మాత్రం ఎలా రాసిపెడతారు?

రాయడం మానేయమని కాదు నా ఉద్దేశం. మెట్టు మెట్టుగా చేసే పనులు, ఏది ఎక్కడుందో చెప్పే వివరాలు, 'ఈ నిర్ణయం ఎందుకు తీసుకున్నాం' అన్న కారణాలు తప్పక రాయాలి. ముఖ్యంగా ఆ చివరిది, ఎందుకంటే అది మనుషుల జ్ఞాపకంలోంచి అన్నిటికన్నా ముందు పోతుంది. మిగతాదానికి ఎవర్ని అడగాలో రాసి ఉంచండి. టీమ్‌లో ఎవరికి ఏం తెలుసో అందరికీ తెలిసి ఉండటం కూడా ఒక రకం జ్ఞాపకశక్తేనని డేనియల్ వెగ్నర్ అనే మానసిక శాస్త్రవేత్త 1980ల్లో చెప్పాడు. ఆలుమగల్లో ఒకరికి పుట్టినరోజులు, ఇంకొకరికి బిల్లుల తేదీలు గుర్తుండటం లాంటిది.

చెప్పాం, చూపించాం. అయినా అవతలి టీమ్ తీసుకోలేదు. వాళ్లకు అహంకారమా?

అయి ఉండొచ్చు, కానీ ముందు అది అనుకోకండి. గాబ్రియేల్ షులాన్‌స్కీ 1996లో 8 కంపెనీల్లో ఒక విభాగం పద్ధతి ఇంకో విభాగానికి వెళ్లిన 122 సందర్భాలను పరిశీలించాడు. మనసు లేకపోవడం కన్నా వేరే మూడు పెద్ద అడ్డంకులని తేలింది. తీసుకునేవాళ్లకు దాన్ని అందుకునేంత ముందస్తు అవగాహన లేకపోవడం, ఆ పద్ధతి ఎందుకు పనిచేస్తోందో చేసేవాళ్లకే సరిగ్గా తెలియకపోవడం, రెండు విభాగాల మధ్య మాటలు సాఫీగా లేకపోవడం. మోటివేషన్ ట్రైనింగులకు ఖర్చు పెట్టే ముందు ఈ మూడూ చూసుకోవాలి.

కొత్తవాళ్లు అడగడానికి మొహమాటపడుతున్నారు. అది పోయేదెలా?

అడిగితే విసుక్కుంటారేమో అనీ, ఈమాత్రం కూడా తెలియదా అనుకుంటారేమో అనీ రెండు భయాలుంటాయి. మొదటిది చాలావరకు తప్పు అంచనా. ఫ్రాన్సిస్ ఫ్లిన్, వెనెసా లేక్ 2008లో చూపించారు: సహాయం అడగబోయే మనిషి, ఎదుటివాళ్లు ఎంతమంది ఒప్పుకుంటారన్నది బాగా తక్కువగా ఊహిస్తాడు. కాదనడం కూడా ఎదుటి మనిషికి ఇబ్బందేనని అడిగేవాడికి తోచదు. రెండో భయం సంగతి 2015లో ఇంకో బృందం చూసింది. కష్టమైన పని గురించి సలహా అడిగినవాళ్లను, అడగనివాళ్లకన్నా ఎక్కువ సమర్థులని అనుకున్నారు. పని మరీ తేలికైతే మాత్రం ఈ లాభం కనిపించలేదు.

కానీ ఈ అధ్యయనాలు కొత్త కుర్రాడికి వినిపించినంత మాత్రాన అతని మొహమాటం పోదు. అతను చూసేది సీనియర్‌ను. సీనియర్ అందరి ముందూ 'ఇది నాకు తెలియదు, ఎవరికి తెలుసు?' అని అడిగితే మరునాటి నుంచి అతనూ అడుగుతాడు. కొత్తవాళ్లు అడిగే ప్రశ్నలు టీమ్‌కు దొరికే వరమని నా గట్టి నమ్మకం. ఆ ప్రశ్నలే లేకపోతే అకౌంట్స్ మేడంకు తెలిసిన సంగతి ఆవిడతోనే రిటైరయ్యేది.

మా టీమ్‌లో అందరూ ఒక్కరినే అడుగుతారు. ఆవిడ అలసిపోయింది.

చాలా చోట్ల ఇంతే. రాబ్ క్రాస్, రెబ్ రెబెల్, ఆడమ్ గ్రాంట్ 2016లో రాసినదాని ప్రకారం, పనికొచ్చే సహకారంలో 20 నుంచి 35 శాతం కేవలం 3 నుంచి 5 శాతం ఉద్యోగుల నుంచే వస్తుంది. చెప్పే మనసున్న మనిషి మీదే అందరూ పడతారు. ఆవిడ సొంత పని సాయంత్రానికి మిగిలిపోతుంది. ఏడాది చివర 'మీ టార్గెట్ పూర్తి కాలేదు' అని రేటింగ్ తగ్గిస్తారు. ఇంత అన్యాయం చేశాక ఆవిడ తలుపు వేసుకుంటే, తప్పు ఎవరిది?

నేర్పడానికి పట్టే గంటలను పనిగంటలుగా లెక్కించండి, టార్గెట్ తగ్గించండి. అడగడానికి రోజులో ఒక సమయం పెట్టండి. ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్లు తర్వాతివాళ్లకు తామే చెప్పాలని నియమం పెట్టండి. ఇది అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది.

ఇంటి నుంచి పనిచేసే టీమ్‌ల సంగతేమిటి?

సొంత టీమ్‌లో మాటలు సాగుతూనే ఉంటాయి, పక్క టీమ్‌లతో తగ్గిపోతాయి. మైక్రోసాఫ్ట్‌లో 2020 మొదటి ఆరు నెలల్లో 61 వేల మందికి పైగా ఉద్యోగుల డేటాను చూసిన అధ్యయనంలో ఇదే కనిపించింది. అనుకోకుండా చెవిన పడే మాటలు ఇంటి దగ్గర ఉండవు. కాబట్టి ప్రశ్నలు ఒకరికొకరు ప్రైవేటుగా పంపుకోకుండా, అందరూ చూసే చోట అడగడం అలవాటు చేయాలి. జవాబు ఒకరికి అవసరమై, పదిమంది చదువుతారు.

మానేసి వెళ్లిపోయే మనిషి దగ్గర నుంచి చివరి వారంలో ఎంత రాబట్టగలం?

కొంచెమే. ఆ వారమంతా 'హ్యాండోవర్ డాక్యుమెంట్' రాయించడంలో గడిపేస్తారు. దాంట్లో ఉండేది రోజూ జరిగే పనులు, అవి మిగతావాళ్లకూ కొంత తెలిసే ఉంటాయి. పోయేది ఏడాదికోసారి వచ్చే పని, విరిగినప్పుడే తెలిసే పని. కాబట్టి ఆ మనిషిని రాయమనకండి, తర్వాత ఆ పని చేయబోయేవాళ్లతో చేయించి ఆయన్ను పక్కన కూర్చోబెట్టండి. 'ఈ పనిలో మీకు నిద్రపట్టని రోజు ఏది?' అని అడగండి. 'ఏది ముట్టుకోవద్దంటారు, ఎందుకు?' అని అడగండి. రాయమంటే ఒక్క లైను రాసేవాళ్లు, ఈ ప్రశ్నలకు గంటసేపు చెబుతారు.

వెళ్లే మనిషిని ఎలా సాగనంపుతున్నారన్నది మిగిలినవాళ్లు చూస్తుంటారు. గౌరవంగా పంపితే, వెళ్లాక ఫోన్ చేసినా ఎత్తి చెబుతారు.

టీమ్‌లో పంచుకోవడం పెరిగిందని ఎలా తెలుస్తుంది?

ఎన్ని పేజీలు రాశారు, ఎన్ని సెషన్లు పెట్టారు అన్న లెక్కలు చూడకండి, అవి తేలిగ్గా పెంచుకోగలిగినవి. వీటిని గమనించండి. ఒక మనిషి రెండు వారాలు సెలవులో వెళ్తే ఎన్ని ఫోన్లు వెళ్లాయి? కొత్తగా చేరినవాళ్లు ఎవరి సాయమూ లేకుండా మొదటి పని ముగించడానికి పట్టే కాలం తగ్గుతోందా? ఒకే తప్పు ఇద్దరు వేర్వేరు మనుషుల దగ్గర మళ్లీ జరుగుతోందా? మీటింగ్‌లో 'నాకు తెలియదు' అన్న మాట వినిపిస్తోందా, ఆ మాట వచ్చాక గదిలో వాళ్లు ఏం చేస్తున్నారు? అందరూ చూసే చోట అడిగిన ప్రశ్నకు జవాబు ఎప్పుడూ ఆ ఒక్కరి నుంచే వస్తోందా, కొత్త పేర్లు కనిపిస్తున్నాయా? ఈ ఆఖరిదాన్ని నేను మిగతావాటికన్నా ఎక్కువ నమ్ముతాను. పోయిన ఏడాది అడిగిన మనిషి ఈ ఏడాది ఇంకొకరికి జవాబు రాస్తుంటే ఆ టీమ్ సరైన దారిలో ఉన్నట్టే.